పాటగాడి పుస్తకం, పెళ్ళాం పుస్తకం

తాగుబోతు మొగుడు గడప దాటకూడదని ఆవిడ ఇంట్లో ఉన్న కార్ల తాళాలన్నీ దాచేసింది. ఆయన ఇల్లంతా వెతికి, విసిగి, కిటికీలోంచి బయటికి చూశాడు. పెరట్లో గడ్డి కోసే యంత్రం కనబడింది. ఎక్కి కూచుని నడిపే రకం. దాని తాళం కూడా దాచాలని ఆవిడకి తట్టలేదు. ఆయన దాన్నెక్కి గంటకి ఐదు మైళ్ళ వేగంతో మద్యం దుకాణానికి బయల్దేరాడు. దుకాణం ఎనిమిది మైళ్ళ దూరాన, టెక్సాస్ రాష్ట్రంలోని బోమాంట్ ఊళ్ళో ఉంది.

ఈ కథ చెప్పింది జార్జ్ జోన్స్. కంట్రీ సంగీతంలో అంతటి గొంతు మరొకటి లేదని తోటి గాయకులే ఒప్పుకున్న మనిషి. ఒప్పుకున్న కచేరీలు ఎగ్గొట్టి ‘నో షో జోన్స్’ అన్న పేరు తెచ్చుకున్నదీ ఆయనే. 1996లో వచ్చిన ‘ఐ లివ్డ్ టు టెల్ ఇట్ ఆల్’ అనే ఆత్మకథలో, ఇదంతా రెండో భార్యతో ఉన్నప్పటి సంగతి అంటాడు. చిక్కేమిటంటే, అంతకు 17 ఏళ్ళ ముందే ఆయన మూడో భార్య, తనూ పెద్ద గాయని అయిన ట్యామీ వైనెట్, ‘స్టాండ్ బై యువర్ మ్యాన్’ అనే తన ఆత్మకథలో ఇలాంటి సంగతే తన కాపురంలో జరిగినట్టు చెప్పింది. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చి చూస్తే పక్కన మొగుడు లేడట. కారేసుకుని పది మైళ్ళు వెళ్తే బారు గుమ్మం ముందు గడ్డియంత్రం ఆగి ఉందట.

రెండుసార్లు జరిగిందా? ఒక్కసారి జరిగినదాన్ని ఇద్దరూ పంచుకున్నారా? అది తేల్చే పని నేను పెట్టుకోను. నా మాట ఒక్కటే: కంట్రీ గాయకుల ఆత్మకథల్ని విడివిడిగా చదివితే సగం రుచే తెలుస్తుంది. మొగుడి పుస్తకం పక్కన పెళ్ళాం పుస్తకం, తండ్రి పుస్తకం పక్కన కూతురి పుస్తకం, గాయకుడు ముప్పై, నలభై ఏళ్ళప్పుడు చెప్పినదాని పక్కన అరవై దాటాక చెప్పినది పెట్టుకుని చదవాలి.

కంట్రీ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల నుంచి, అపలాచియా కొండల నుంచి వచ్చిన సంగీతం. ఫిడేలు, బాంజో, గిటారు, వాటి మీద ఒక కథ. 1925లో నాష్‌విల్ రేడియోలో మొదలై, తర్వాత ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’గా పేరుపడ్డ కార్యక్రమం దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఈ పాటకి ఒక షరతుంది: పాడేవాడు ఆ బతుకు బతికినవాడై ఉండాలి, కనీసం అలా అనిపించాలి. పత్తి ఏరని చేతులకి, బొగ్గుమసి అంటని ఇంటికి ఇక్కడ మర్యాద తక్కువ. అందుకే ఇక్కడి గాయకుడికి ఆత్మకథ ఒక అలంకారం కాదు, పాట కింద పెట్టే సాక్షి సంతకం.

ఈ సంప్రదాయానికి తొలి అడుగు వేసింది గాయకుడు కాదు, ఆయన భార్య. రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేసి పాటగాడైన జిమ్మీ రోజర్స్ 1927లో బ్రిస్టల్ ఊళ్ళో తొలి రికార్డు ఇచ్చాడు. క్షయతో 1933లో, 35 ఏళ్ళకే పోయాడు. రెండేళ్ళకి భార్య క్యారీ ‘మై హజ్బెండ్, జిమ్మీ రోజర్స్’ అనే పుస్తకం తెచ్చింది. మరో గాయకుడు హాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న, 29 ఏళ్ళ వయసులో, కారు వెనక సీట్లో ప్రాణం వదిలితే, ఆ ఏడాదే ఆయన తల్లి కొడుకు గురించి చిన్న పుస్తకం వేయించింది. పోయినవాడు ఎవరివాడు అన్న ఇంటి తగవు మొదటినుంచీ ఈ పుస్తకాల్లో ఉంది. హాంక్ విషయంలో ఆ తగవులన్నీ వడకట్టి నమ్మదగిన జీవితచరిత్ర రాయడానికి 1994లో కోలిన్ ఎస్కాట్ రావాల్సి వచ్చింది.

అయితే ఈ తరహా పుస్తకాలకి ఒరవడి పెట్టింది గాయని లొరెట్టా లిన్ 1976 నాటి ‘కోల్ మైనర్స్ డాటర్’. కెంటకీ రాష్ట్రంలో బుచర్ హాలర్ అనే కొండలోయ. తండ్రి గనిలో రాత్రి షిఫ్టు కూలీ. చలిగాలి రాకుండా తల్లి గోడలకి పత్రికల కాగితాలు అంటించేది. ఆ గోడ మీద బొమ్మగా ఉన్న సినిమా నటి లొరెట్టా యంగ్ పేరే బిడ్డకి పెట్టింది. పెళ్ళి, వెంటవెంటనే పిల్లలు, దేశానికి ఆ చివరనున్న వాషింగ్టన్ రాష్ట్రానికి వలస. అక్కడ మొగుడు డూలిటిల్ 17 డాలర్లు పెట్టి ఒక గిటారు కొనిచ్చాడు. 1960లో మొదటి రికార్డు వచ్చాక దంపతులు కారేసుకుని ఊరూరి రేడియో స్టేషన్‌కీ తిరిగి, పాట వెయ్యమని బతిమాలుకున్నారు.

ఈ పుస్తకాన్ని కాగితం మీద పెట్టింది జార్జ్ వెక్సీ, న్యూయార్క్ టైమ్స్ విలేకరి. 1970 డిసెంబరు 30న కెంటకీలో హైడన్ దగ్గర గని పేలి 38 మంది చనిపోయినప్పుడు ఆ వార్తలు రాసినవాడు. బొగ్గుగని కార్మికుడి జీవితం మీద అప్పటికే ఒక పుస్తకం వేసినవాడు కూడా. అంటే లొరెట్టా చెప్పే లోయ ఆయన ముందే తిరిగిన లోయ. అందుకే ఆవిడ మాట విని దాన్ని ‘బాగుచెయ్యాలి’ అనుకోలేదు. ఆవిడ తప్పు వ్యాకరణం, యాస, ఒక సంగతి చెబుతూ మరో సంగతిలోకి జారిపోయే తీరు, అన్నీ అలాగే ఉంచాడు. చదువుతుంటే వంటింట్లో ఎదురుగా కూచుని వింటున్నట్టే ఉంటుంది. ఇది తేలిక పని అనుకోవద్దు. టేపులో ఉన్నది ఉన్నట్టు దించేస్తే రెండు పేజీలు చదవలేం. ఏది తీసెయ్యాలో తెలిసినవాడే మాట పోకుండా వాక్యం నిలబెట్టగలడు.

మనకూ ఈ పద్ధతి కొత్త కాదు. బుర్రకథ షేక్ నాజర్ ఆత్మకథ ‘పింజారి’ ఆయన చెప్పగా మరొకరు అక్షరాల్లో పెట్టినదే. రచన నాదే అని గొప్పలు పోవడం కన్నా, చెప్పింది ఫలానావారు, రాసింది ఫలానావారు అని అట్ట మీదే వేసుకోవడం నిజాయితీ. కంట్రీ పుస్తకాలు చాలావరకు ఆ నిజాయితీ పాటించాయి. టామ్ కార్టర్ అనే ఒక్క రచయిత జార్జ్ జోన్స్, రీబా మెకెంటైర్, గ్లెన్ క్యాంబెల్, మెర్ల్ హ్యాగర్డ్‌ల ఆత్మకథలన్నింటిలోనూ చెయ్యి వేశాడు. అట్ట మీద అందరి పక్కనా ఆయన పేరు ఉంటుంది. అన్నింట్లోనూ ఒకే గొంతు వినబడే ప్రమాదం కూడా ఉందనుకోండి.

మళ్ళీ లొరెట్టా దగ్గరికి. మొదటి పుస్తకం నాటికి మొగుడు బతికే ఉన్నాడు. తాగుడు, పరస్త్రీలు, దెబ్బలాటలు, అన్నీ తగులుతాయి గానీ ఒక నవ్వుతో దాటిపోతాయి. 1980లో వచ్చిన సినిమా వాటిని ఇంకాస్త మెత్తబరిచింది. సిస్సీ స్పేసెక్‌కి ఆస్కార్ తెచ్చిన సినిమా అది. డూలిటిల్ 1996లో పోయాడు. 2002లో ఆవిడ ‘స్టిల్ ఉమన్ ఎనఫ్’ తెచ్చింది. అదే కాపురం, అదే ఇల్లు. ఈసారి నవ్వు ఆగిపోతుంది. అతని చెయ్యి లేచిన రోజులు, తను తిరగబడ్డ రోజులు, అయినా వదిలి వెళ్ళని కారణాలు, అన్నీ దాచకుండా చెప్పింది. మొదటిది అబద్ధం, రెండోది నిజం అనడం తొందరపాటు. మొగుడు పక్క గదిలో ఉన్నప్పుడు ఒక ఆడమనిషి ఎంత చెప్పగలదో మొదటి పుస్తకం చూపిస్తే, రెండోది ఆ గది ఖాళీ అయ్యాక చెప్పినది.

ఇందులో ఒక కొసమెరుపు ఉంది. పద్నాలుగేళ్ళు నిండకుండానే పెళ్ళయిందని ఆవిడ చెప్పుకొచ్చింది. పుస్తకం, సినిమా రెండూ దాన్ని ప్రపంచమంతా చాటాయి. 2012లో పాత్రికేయులు పుట్టిన కాగితం, పెళ్ళి కాగితం తీసి చూస్తే, 1932 ఏప్రిల్‌లో పుట్టి 1948 జనవరిలో పెళ్ళాడిందని తేలింది. అంటే పదిహేనేళ్ళు దాటాయి. కొందరు దీన్ని పెద్ద మోసంలా రాశారు. నాకు అలా అనిపించదు. పదిహేనయితే మాత్రం బాల్యం మిగిలినట్టా? కానీ పాఠకుడు ఒకటి గుర్తుంచుకోవాలి: వేదిక మీద ఏళ్ళ తరబడి చెప్పిన కథ పుస్తకంలోకి వచ్చేసరికి అరిగి, నునుపెక్కి ఉంటుంది. అంకెలకి కాగితాలు చూడాలి, మనసుకి పుస్తకం చూడాలి.

చెప్పే పద్ధతిలో నాకు అన్నింటికన్నా నచ్చిన ప్రయోగం విల్లీ నెల్సన్‌ది. బడ్ ష్రేక్‌తో కలిసి 1988లో తెచ్చిన ‘విల్లీ’లో ఆయన కథ కొంత దూరం నడిచాక ‘కోరస్’ పేరుతో వేరేవాళ్ళు అందుకుంటారు. అక్క, బ్యాండు మనుషులు, పాత స్నేహితులు. బుర్రకథలో కథకుడు ఊపు మీదుండగా హాస్యం వంత అడ్డుపడి ఎద్దేవా చేసినట్టు, వీళ్ళు విల్లీ మాటని ఆపి తమ మాట చెబుతారు. కొన్నిచోట్ల ఆయన చెప్పినదానికీ వీళ్ళు చెప్పినదానికీ పొసగదు. ఎదురుమాటని తన పుస్తకంలోనే పెట్టుకున్న ధైర్యం అందరికీ ఉండదు. డేవిడ్ రిట్జ్‌తో 2015లో తెచ్చిన మరో ఆత్మకథ సాఫీగా సాగుతుంది, ఆ సందడి మాత్రం అందులో లేదు.

ఎదురుమాట బయటి నుంచి వచ్చిన ఇల్లు జానీ క్యాష్‌ది. ఆ ఇంటి పుస్తకాలతోనే ఒక అర నిండుతుంది. 1975 నాటి ‘మ్యాన్ ఇన్ బ్లాక్’ని ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ వేసింది. పాపం, పతనం, మాత్రలు, దేవుడు, విముక్తి అన్న వరసలో నడుస్తుంది. ప్యాట్రిక్ కార్‌తో కలిసి 1997లో ‘క్యాష్’ చెప్పేనాటికి, ఆ విముక్తి తర్వాత మళ్ళీ మళ్ళీ జారిపడ్డాననీ, 1983లో చికిత్స కోసం బెట్టీ ఫోర్డ్ సెంటర్‌లో చేరాల్సి వచ్చిందనీ ఒప్పుకున్నాడు. పుస్తకం కట్టుబడి కూడా మారింది. ఏళ్ళ వరస వదిలేసి, తను ఉండే చోట్ల పేర్లతో భాగాలు పెట్టాడు: జమైకాలోని ఇల్లు, రోడ్డు, ఫ్లోరిడాలో ఇల్లు, టెనెసీలో పొలం, మళ్ళీ రోడ్డు. కూచున్న చోటునుంచి వెనక్కి చూసి మాట్లాడటం. అందుకే 1944లో రంపం కోసుకుని అన్న జాక్ చనిపోయిన సంగతి అందులో వచ్చినప్పుడు, అది చిన్ననాటి సంఘటనలా కాక నిన్నటి గాయంలా తగులుతుంది. 1967లో చచ్చిపోదామని నికజాక్ గుహలోకి పాకివెళ్ళానని కూడా చెబుతాడు. తర్వాతి జీవితచరిత్రకారులు ఆ కథని అనుమానంగానే చూశారు.

ఇక మొదటి భార్య వివియన్. జర్మనీలో వైమానిక దళంలో ఉన్నప్పుడు క్యాష్ ఆవిడకి రాసిన ఉత్తరాలు వేల పేజీలు. నలుగురు కూతుళ్ళు. క్యాష్ జీవితం మీద తీసిన ‘వాక్ ద లైన్’ సినిమాలో ఆవిడ ఒక సణుగుడు పెళ్ళాం మాత్రమే. 2005 మేలో ఆవిడ చనిపోయింది, నవంబరులో సినిమా విడుదలైంది. 2007లో వచ్చిన ఆవిడ పుస్తకం ‘ఐ వాక్డ్ ద లైన్’లో ఎక్కువ భాగం ఆ ఉత్తరాలే. ‘రింగ్ ఆఫ్ ఫైర్’ పాట క్యాష్ రెండో భార్య, గాయని జూన్ కార్టర్ రాసినది కాదు, జానీయే రాసి ఆమె పేరు పెట్టాడు అని వివియన్ అభియోగం. నమ్మడానికి గట్టి రుజువు నాకు కనబడలేదు. కానీ ఉత్తరాలు మాత్రం రుజువులే. ఆ కుర్రవాడి ప్రేమ నిజమైనది. అమెరికా అంతా మెచ్చుకున్న జానీ, జూన్‌ల ప్రేమకథకి మూల్యం కట్టిన ఇల్లొకటి ఉందని వాటిని చదివితేనే తెలుస్తుంది.

ఆ ఇంటి పెద్దకూతురు రోజాన్ 2010లో ‘కంపోజ్డ్’ రాసింది. టేపు లేదు, సాయం రచయిత లేడు. అంతకు ముందే కథల సంపుటి తెచ్చిన గాయని కాబట్టి వాక్యం ఆమె చేతి కింద ఉంది. తండ్రిని తీర్పు తీర్చదు, తల్లిని వెనకేసుకు రాదు. శుద్ధమైన వచనం కావాలంటే ఈ వర్గంలో ఇదే ఉత్తమం. యాస కావాలంటే మాత్రం లొరెట్టానే.

అన్నీ ఇలాంటివే అనుకోకండి. పేదరికం పాతిక పేజీలు, తాగుడు వంద పేజీలు, చివర దేవుడు, మధ్యలో అవార్డుల జాబితా అన్న మూసలో పోసినవి కుప్పలు. అలాంటివి లైబ్రరీలో కనబడితే బొమ్మలు చూసి పెట్టేస్తే చాలు.

ఆత్మకథ రాయించుకునే అవకాశమే దక్కనివాడి సంగతి వేరు. డిఫర్డ్ బెయిలీ నల్లవాడు, హార్మోనికాలో రైలుబండిని పలికించినవాడు, ఆప్రీ తొలినాళ్ళ పెద్ద ఆకర్షణ. తెల్ల గాయకులతో కలిసి తిరిగినా, వాళ్ళు దిగిన హోటల్లో ఆయనకి గది ఇచ్చేవారు కాదు. 1941లో తీసేశారు. నాలుగేళ్ళకి ఆప్రీ నిర్వాహకుడు జార్జ్ హే తను వేసిన చిన్న పుస్తకంలో, బెయిలీ బద్ధకస్తుడనీ కొత్త పాటలు నేర్చుకోలేదనీ రాసేశాడు. ఆ మాటే చాలాకాలం చరిత్రగా చెలామణీ అయింది. బెయిలీ నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుంటూ బతికాడు. 1970లలో డేవిడ్ మోర్టన్ అనే ఆయన ముసలి బెయిలీ దగ్గర కూచుని కథంతా రాసుకున్నాడు. చరిత్రకారుడు చార్ల్స్ వుల్ఫ్ సాయంతో 1991లో అది పుస్తకమైంది. అప్పటికి బెయిలీ పోయి తొమ్మిదేళ్ళు. అందులో తేలినదేమిటంటే, పాటల హక్కుల సంస్థలకీ రేడియోలకీ 1941లో తగాదా వచ్చి, ఆయన పేరుమోసిన పాటలు రేడియోలో వాయించే వీలు లేకుండా పోయింది. బద్ధకం కాదు, లైసెన్సు గొడవ. 2005లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

ఇన్ని పుస్తకాలు ఎవరు చదువుతారు అంటారా? రెండే చదవండి. ముందు ‘కోల్ మైనర్స్ డాటర్’, వారం తిరక్కుండా ‘స్టిల్ ఉమన్ ఎనఫ్’. సినిమా మాత్రం ఆ తర్వాతే చూడండి.