చిల్లు లేని అద్దానికి కుట్టు

గుండీకి కన్నాలుంటాయి. పూసకు చిల్లుంటుంది. చమ్కీకి కూడా నడిమధ్యన సూది దూరేంత దారి ఉంటుంది. అద్దం బిళ్ళకు ఇవేవీ లేవు. నున్నటి ముఖం, పదునైన అంచు, అంతే. దాన్ని గుడ్డ మీద పెట్టి దారంతో నిలబెట్టమంటే సూది ఎక్కడ గుచ్చాలి? జిగురు పూసి అంటించేవాళ్ళున్నారు. ఆ అందం ఉతుకులు మొదలయ్యేదాకే. జిగురుతో పని లేకుండా, ఏళ్ళ తరబడి ఊడకుండా అద్దాన్ని పట్టి ఉంచే ఉపాయం తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. గుజరాత్‌లో కచ్ వైపు రబారీలకూ అహీర్లకూ ఇదే విద్య వచ్చు. రబారీలు అద్దాన్ని ముక్కోణంగా, పలకగా, రకరకాల ఆకారాల్లో వాడతారు. అహీర్లకు గుండ్రటి బిళ్ళంటే ఇష్టం. ఎవరు కుట్టినా కీలకం ఒక్కటే: అద్దం మీదుగా దారాలతో ముందు ఒక పంజరం అల్లాలి. చెవుల్లేని కుండను ఉట్టి ఎలా మోస్తుందో, చిల్లు లేని అద్దాన్ని ఈ పంజరం అలా మోస్తుంది.

పాత పావలా అంత గుండ్రటి బిళ్ళ ఒకటి తీసుకుందాం. దాన్ని గుడ్డ మీద ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి, సూదిని అడుగు నుంచి అద్దం అంచును ఒరుసుకుంటూ పైకి తీస్తారు. అద్దం వెడల్పును మూడు భాగాలనుకుంటే, మొదటి భాగం ముగిసేచోట దారం అడ్డంగా సాగి అవతలి అంచును ఆనుకుని కిందికి దిగుతుంది. రెండో భాగం ముగిసేచోట దానికి జోడుగా ఇంకో దారం. తర్వాత రెండు నిలువు దారాలు. ఇవి అడ్డదారాలను ఊరికే దాటిపోవు. దాటే ప్రతిచోటా వాటి చుట్టూ ఒక మెలిక తిరిగి ముందుకెళ్తాయి. నాలుగూ పడేసరికి అద్దం నడుమ చిన్న చదరం ఏర్పడుతుంది. తొందర ఉన్నవాళ్ళు అక్కడితో ఆపేస్తారు. పని తెలిసినవాళ్ళు అదే చదరాన్ని ఓరగా తిప్పినట్టు ఇంకో నాలుగు దారాలు వేస్తారు. ఇప్పుడు అద్దానికి ఎనిమిది వైపుల నుంచీ పట్టు దొరికినట్టు.

పనితనమంతా ఈ పంజరంలోనే ఉందని నా అభిప్రాయం. పూర్తయిన అద్దాన్ని చూసి మెచ్చుకునేవాళ్ళ కంటికి ఇది ఆనదు, పైన రాబోయే రంగుల కట్టు దీన్ని కప్పేస్తుంది. కానీ అద్దం ఉండటమూ ఊడటమూ ఇక్కడే తేలిపోతాయి. దారం వదులైతే అద్దం లోపల గలగలలాడి, ఒకరోజు పక్కనుంచి జారిపోతుంది. దారాలు అంచుకు మరీ దగ్గరగా పడితే కుట్టేటప్పుడే పక్కకు తప్పుకుంటాయి. నడిమికి మరీ దగ్గరైతే కట్టు వెడల్పై, పావలా అంత అద్దంలో కందిగింజంత మెరుపు మిగులుతుంది. సూది అద్దాన్ని ఆనుకుని పైకి రాకుండా నూలుపోగంత ఎడం ఉన్నా, ఆ ఎడంలోకే అద్దం మెల్లగా జరుగుతుంది. మూడో వంతు దగ్గర దారం వేయడమన్నది తండాలో ఎవరూ కొలబద్ద పెట్టి నేర్పేది కాదు. చిన్నప్పటినుంచీ అమ్మ పక్కన కూర్చుని చూసిన కన్ను దాన్ని పట్టేస్తుంది.

పంజరం బిగిశాక కట్టు మొదలు. సూది అంచు దగ్గర పైకి వస్తుంది. అద్దం నడుమవైపు నుంచి పంజరం దారాల కిందికి దూరి, అంచువైపు తిరిగి బయటపడుతుంది. కాజా కుట్టులో లాగే దారం సూదిమొన కిందుండాలి. లాగగానే ముడి బిగిసి, పంజరం దారం అంచువైపు ఒక్క పిసరు జరుగుతుంది. వెంటనే అద్దం పక్కన గుడ్డలో ఒక చిన్న పొడుపు. ఈసారి గొలుసు కుట్టులో లాగ లంకె పడుతుంది. ఒకటి పంజరానికి, ఒకటి గుడ్డకు, మళ్ళీ పంజరానికి, మళ్ళీ గుడ్డకు. ఇలా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేసరికి ఒక వింత జరిగి ఉంటుంది: మొదట వేసిన చదరం గుండ్రమైపోతుంది. కుట్టు పడ్డచోటల్లా దారం తనవైపుకు లాగింది మరి. అన్ని దిక్కుల నుంచీ ఒకే బిగువుతో లాగితే ఏ చదరమైనా గుండ్రం కాక తప్పదు. ఎక్కడో ఒక కుట్టు గట్టిగా, పక్కది మెత్తగా పడితే ఆ గుండ్రం నొక్కుకుపోయి కనిపిస్తుంది. కుట్టినామె చెయ్యి ఎంత నిలకడగా ఉందో చెప్పడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ఆ కట్టు చేసే రెండో మేలు చాలామంది గమనించరు. గాజు అంచు దారానికి శత్రువు. లావుగా లేచిన కట్టు ఆ అంచుకు కవచంలా ఉండి, అటు వేలినీ ఇటు పక్కనున్న గుడ్డనూ కాపాడుతుంది. అందంగా ఉండాలని పెట్టిందో, కోసుకోకూడదని పెట్టిందో విడదీసి చెప్పలేం.

లంబాడీలు, అంటే బంజారాలు, రాజస్థాన్ వైపునుంచి దక్కనుకు వచ్చినవాళ్ళు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊళ్ళకూ సైన్యాలకూ చేరవేసిన జనం. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది, తండాలు స్థిరపడ్డాయి. హైదరాబాదులో బంజారాహిల్స్ పేరులో వాళ్ళ జాడ నిలిచింది. ఇల్లు లేనివాళ్ళకు సామానే ఇల్లు. అందుకేనేమో, వాళ్ళ కుట్టంతా సామాను చుట్టూ తిరిగింది: చేతిసంచులు, నీళ్ళకుండ కింద పెట్టుకునే చుట్టకుదురు, దాని వెనక మెడ మీదికి వేలాడే గుడ్డ, ఎద్దుల అలంకారాలు. ఒంటిమీది ఫేటియా (పావడా), కాంచళి (రవిక) సరేసరి. మజిలీలో నూరు మూటలు ఒకచోట దించినప్పుడు ఎవరి సంచి ఏదో దూరం నుంచే తెలియాలంటే పేరు రాసుకోనక్కర్లేదు, కుట్టు చాలు. ఇది నా ఊహే. కానీ ఒకే సంచి రెండోసారి అచ్చు అలాగే కనబడని ఆ పనిని చూస్తుంటే ఊహ నిజమే అనిపిస్తుంది.

అద్దాలను చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ పెట్టకపోవడం ఈ పనిలో నాకు బాగా నచ్చే గుణం. చదరాలుగా, ముక్కోణాలుగా గుడ్డను ముందే విడగొట్టుకుంటారు. అద్దం ఆ గడి నడుమ కూర్చుంటుంది. దాని చుట్టూ ఎరుపు, పసుపు, నీలం, తెలుపు వరుసలు దగ్గరదగ్గరగా నడిచి, గుడ్డ అసలు రంగు చాలాచోట్ల కనబడకుండా పోతుంది. ఈ కుట్లకు కిలన్, వేలె, మాకి, రేలో అంటూ వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి. అంచుల్లో గవ్వలు, ఊలు కుచ్చులు, నాణేలు. గవ్వ గుడ్డ మీద బల్లపరుపుగా కూర్చోవడానికి వీపు అరగదీస్తారు, సూది దూరే దారి కూడా దాంతోనే ఏర్పడుతుంది. కర్ణాటకలో బళ్ళారి జిల్లా సండూరు లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో జీ20 సమావేశాల సందర్భంగా హంపిలో 1,755 కుట్టుపనులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కూడా సాధించారు. సంతోషమే. అయితే ఈ పనిని రాశిపోసి చూడటం కన్నా ఒక్క ముక్కను ఒళ్ళో పెట్టుకుని చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

ఇంత చెప్పాక, ఇది ఇంట్లో చేయగలమా అన్న ప్రశ్న వస్తుంది. నిక్షేపంగా చేయొచ్చు. తండా ఆడవాళ్ళ సంచి లాంటిది మనకు రాదు, అది వేరే సంగతి. ఒక్క అద్దం మాత్రం ఎవరికైనా వస్తుంది. గుడ్డ గట్టిదై ఉండాలి: ఖాదీ, కేస్‌మెంట్, పాత జీన్స్ ప్యాంటు గుడ్డ. పల్చటి బ్లౌజు గుడ్డయితే అడుగున లైనింగు వేసి రెండింటినీ కలిపి కుట్టాలి, లేకపోతే అద్దం బరువుకు జారి ముడతలు పడుతుంది. గుడ్డను రింగులో బిగిస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఎంబ్రాయిడరీ లచ్చిలో ఆరు పోగులుంటాయి, మూడు తీసుకుంటే చాలు. ఒక అద్దానికి ఇంచుమించు మూడు మూరల దారం పడుతుంది. అంతా ఒకేసారి ఎక్కిస్తే చిక్కుపడుతుంది కాబట్టి పంజరానికి ఒక ముక్క, కట్టుకు ఒక ముక్క విడివిడిగా తీసుకోవాలి. పంజరం కనబడదని ఏదో ఒక మిగులు దారం వాడకండి, కట్టు సందుల్లోంచి తొంగిచూస్తుంది. కట్టు రంగే దానికీ మంచిది.

మగ్గం వర్క్ సామాను అమ్మే దుకాణాల్లో అద్దాలు పొట్లాలుగా దొరుకుతాయి. చుట్టూ దారం రింగు ముందే చుట్టి ఉన్నవీ అమ్ముతారు, తెచ్చి టక్కున కుట్టేసుకోవచ్చు. నాకు వాటిమీద మోజు లేదు. అద్దాన్ని దారం పట్టుకోవడమే ఈ పనిలో సొగసంతా, అది ముందే ఎవరో చేసేస్తే మనకు మిగిలేది గుండీ కుట్టడం. మెరిసే ప్లాస్టిక్ బిళ్ళలు తేలికే, పిల్లల బట్టలకు అవే మేలు కూడా. పెద్దవాళ్ళ సంచికి మాత్రం గాజే ఉండాలి. కుట్టేముందు ప్రతి బిళ్ళ అంచునూ గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్దితే దారం తెగదు.

ఎక్కడ కుట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. గుడ్డసంచి అడుగు భాగం నేలకు రాసుకుంటుంది, భుజానికి తగిలే వైపు చీరను గీరుతుంది. ఆ రెండూ వదిలేసి, బయటివైపు పై అంచున మూడు అద్దాల వరుస చాలు. కళ్ళజోడు సంచికి మూత మీద ఒక్కటి. దిండు గలీబుకైతే నాలుగు మూలల్లో, చెంప ఆనే నడిమిచోట ఎప్పుడూ వద్దు. బ్లౌజు చేతులకు అంచు పైన. ఇంట్లో పెద్దల డబ్బాలో 1943 – 47 మధ్య వచ్చిన చిల్లు పైసా ఏదైనా దొరికితే సంచి మూతకు అంతకన్నా మంచి గుండీ ఉండదు.

ఇలాంటిది ఉతకాలంటే చన్నీళ్ళలో ముంచి తీయడమే. నానబెట్టకూడదు, పిండకూడదు, నీడన తిరగేసి ఆరేయాలి. ఇస్త్రీ పెట్టాలంటే కింద తువ్వాలు పరిచి వెనకవైపు నుంచి. అద్దం పగిలితే కట్టు విప్పి ఇంకోటి దూర్చడం కుదరదు, దారం కత్తిరించి మొదటినుంచీ కుట్టుకోవాలి. పాత లంబాడీ బట్ట చినిగినా కుట్టు ఉన్న ముక్క చెక్కుచెదరకపోతే దాన్ని కత్తిరించి కొత్త గుడ్డకు అతికించి వాడుకుంటారు. అలా విడదీసిన ముక్కలతో చేసిన సంచులు, దిండు గలీబులు ప్రదర్శనల్లో అమ్మకానికి వస్తుంటాయి. కొనేముందు లోపలివైపు తిప్పి చూడండి. ప్రతి అద్దం వెనకా ముడులు తక్కువగా, పొట్టి పొడుపులు గుండ్రంగా ఒకే దూరంలో ఉంటే బేరమాడకుండా తీసుకోవచ్చు. జిగురు మరక కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.