జ్ఞాపకం కంటె ముందు నేల: హెర్మన్ చికిత్సా క్రమం, భద్రాచలం అటవీ సరిహద్దు

మానసిక గాయం నుండి కోలుకొనే క్రమాన్ని అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ ‘ట్రామా అండ్ రికవరీ’ (1992)లో మూడు దశలుగా వివరించారు: భద్రత, స్మరణ–శోకం, సమాజంతో పునఃసంబంధం. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దుకు అన్వయిస్తే వీటిలో మొదటి రెండు దశలు పరస్పరం ఎదురు తిరుగుతాయి.

2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వా జుడుం ఆరంభమైంది. ఊళ్లు తగలబడగా సరిహద్దు దాటి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకొన్న, ఎక్కువగా మురియా తెగకు చెందిన కుటుంబాలను స్థానికులు గుత్తికోయలంటారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవారైన వీరికి ఇక్కడ ఆ గుర్తింపు లేదు. పైగా అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుండి ఆధీనంలో ఉన్న భూమికే హక్కునిస్తుంది. హింస మొదలైన ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది!

“ఎప్పుడు వచ్చారు? ఎందుకు వచ్చారు?” అన్నవి చికిత్సకుడు అడగక తప్పని ప్రశ్నలు, అటవీ అధికారి ప్రశ్నలూ అవే. నిజమైన తేదీ చెబితే కథనం పూర్తవుతుంది, పోడు పోతుంది. కనుక వారి మౌనాన్ని వ్యాధి లక్షణంగా నమోదు చేయడం తొందరపాటు. అందులో ఆత్మరక్షణ పాలు తక్కువేమీ కాదు. వారి మాటలను దుబాసీ ద్వారా వినే పరిశోధకునికి ఈ తేడా సులభంగా అందదు.

ఇందుకు హెర్మన్‌ను తోసిపుచ్చనక్కరలేదు. భద్రత లేనిదే తక్కిన చికిత్స సాగదన్నది ఆమే. ‘ట్రూత్ అండ్ రిపేర్’ (2023)లో న్యాయాన్ని నాలుగో దశగా ప్రతిపాదించిందీ ఆమే. ఈ సరిహద్దులో మాత్రం ఆ నాలుగోది మొదటికి రావాలి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా సాయుధం చేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరువాత కూడా చట్టంలోని డిసెంబరు 13 మారలేదు.