లింకు పంపేవారు, గుమ్మం తొక్కేవారు

1956లో పుట్టిన నాటి నుంచీ ఎల్‌ఐసీ ఏజెంట్ల కాళ్ల మీదే ఊరూరికీ వెళ్లింది. అమెజాన్ 1996లో అసోసియేట్స్ పథకం పెట్టి, తన సరుకును ఇతరుల చేత లింకుల ద్వారా అమ్మించడం మొదలుపెట్టింది. రెండుచోట్లా అమ్మిపెట్టినవారికి కమీషనే. ఒకరు మన ముఖం చూసి అమ్ముతారు, మరొకరు చూడకుండా అమ్ముతారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద తేడా ఆ కమీషన్ ఎన్నాళ్లు వస్తుందన్న దగ్గరుంది.

యూట్యూబ్‌లో మిక్సీ గురించి చెప్పి కింద లింకు ఇచ్చినవారికి, మనం లింకు నొక్కాక సాధారణంగా 24 గంటల్లోపు కార్టులో వేసుకున్న వస్తువుకే కమీషన్. రిటర్న్ గడువు దాటాక మోటారు కాలినా వారికి నష్టం లేదు. వారు చెడ్డవారని కాదు, వారికి డబ్బు ముట్టే పద్ధతిలో రేపటి ఊసే లేదు. బీమా ఏజెంటుకు మొదటి ఏడాది పెద్ద కమీషన్ వచ్చినా, ఆ తర్వాత మనం ప్రీమియం కట్టినన్నాళ్లూ ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. అందుకే గడువు గుర్తుచేస్తారు, నామినీ మార్చాలంటే ఇంటికొస్తారు. ఇంట్లో మనిషి పోయినప్పుడు క్లెయిమ్ ఫారం నింపి, బ్రాంచికి తోడొచ్చే ఏజెంటు చేసే మేలు ఏ లింకూ చేయలేదు.

అయితే ముఖాముఖి అమ్మకానికి మన ఇళ్లలో ఒక పెద్ద జబ్బుంది, మొహమాటం. అడిగింది బావగారో, చదువు చెప్పిన మాస్టారో అయితే కాదనలేక సంతకం పెట్టేస్తాం. మధ్యలో మానేస్తే ఎంత పోతుందని అడిగితే నొచ్చుకుంటారేమోనని నోరు మెదపం. జీవిత బీమా పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని తిరిగిచ్చే హక్కు ఉంది. కానీ చుట్టం చేయించిన పాలసీని తిరిగిచ్చే ధైర్యం ఎందరికుంటుంది? ఇక్కడ లింకే మేలు. నాలుగుచోట్ల ధరలు చూసి, నచ్చకపోతే మూసేయవచ్చు.

ఈ రెండూ కలిసిన మంచి రూపం 2015లో మొదలైన మీషో తొలి ఏళ్లలో కనిపించింది. గృహిణులు కేటలాగును వాట్సాప్‌లో పంపి, తమ లాభం కలుపుకుని చీరలు అమ్మారు. రంగు ఫోటోలో ఉన్నట్టు రాకపోతే కొన్నావిడ నేరుగా వీరినే అడుగుతుంది. మళ్లీ అదే వీధిలో అమ్ముకోవాలి కాబట్టి వీరు తప్పించుకోలేరు.

చెడ్డ రూపమూ ఉంది. ఇంటికొచ్చి, మన ఫోన్ తీసుకుని, తన రిఫరల్ కోడ్‌తో క్రెడిట్ కార్డుకో డీమ్యాట్ ఖాతాకో దరఖాస్తు పెట్టించి, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోయేవారిది. ఇందులో గుమ్మం తొక్కడం వల్ల వచ్చే మొహమాటమూ ఉంది, లింకుకుండే బాధ్యతలేనితనమూ ఉంది. దీన్ని నేను ఏమాత్రం సమర్థించను.

చట్టం రెండు దారులనూ పట్టించుకుంది. 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా విక్రేత ఇంటికి రాకూడదు. ప్రచారం చేసేవారు కంపెనీతో తమకున్న లావాదేవీని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి తొలిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఎదురుగా కూర్చుని ఎవరైనా లింకు పంపితే, నొక్కేముందు రెండు మాటలు అడగండి: ఇందులో మీకెంత వస్తుంది? తేడా వస్తే నేను ఎవరి దగ్గరికి రావాలి? రెండోదానికి జవాబు చెప్పలేనివారు ఎంత దగ్గరివారైనా వారి ద్వారా కొనకండి.