పెత్రమాస నుంచి దీపావళి దాకా

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే అమీర్‌పేటలో ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట: "ఊరికెప్పుడు పోతున్నరు?" టిఫిన్ సెంటర్ దగ్గర అడుగుతారు, లిఫ్టులో అడుగుతారు, ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికొచ్చిన పిల్లాడూ అడుగుతాడు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లు బ్యాగులు తగిలించుకుని మెట్రో మెట్లెక్కేస్తుంటారు. రెండు మూడు రోజుల్లో ఆ సందులు గుర్తుపట్టలేనంతగా ఖాళీ అవుతాయి. అది ఉత్త పలకరింపేనని మనకు తెలుసు, జవాబు కోసం ఎవరూ ఆగరు. కానీ మా వెనక వీధిలో, చనిపోయిన అక్క పిల్లలిద్దర్నీ తెచ్చి పెంచుకుంటున్న ఒకావిడ ఉంది. ఆ ఇంటి పిల్లలకు ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది. వాళ్లకు ఊరుంది. ఆ ఊళ్లో వీళ్ల కోసం తలుపు తీసే మనిషే లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో కొందరం ఇలాంటి ఇళ్లకు పండగ రోజుల్లో ఆసరాగా ఉండటం కొన్నేళ్లుగా అలవాటు చేసుకున్నాం. దానికి సంఘం పేరు లేదు, బ్యానర్ లేదు, వాట్సాప్ గ్రూపు కూడా లేదు. గ్రూపు పెడితే మూడో రోజుకు అందులో గుడ్ మార్నింగులు తప్ప ఇంకేం మిగలవని నా గట్టి నమ్మకం. ఈ పని ఎలా చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఎలా చేయకూడదో, ఆ ఇళ్లవాళ్లే మాకు నేర్పారు.

చట్టం సంగతి కాస్త చెప్పాలి. బాలల న్యాయ చట్టం 2015లో వచ్చింది. అందులోని 44వ సెక్షన్ ప్రకారం బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇచ్చి, కన్నవాళ్లు కాని మరో కుటుంబంలో బిడ్డను కొంతకాలం ఉంచితే అది ఫోస్టర్ కేర్. దత్తత కాదు. కన్నవాళ్లు మళ్లీ పెంచగలిగే స్థితికి వచ్చారని సమితి నమ్మితే బిడ్డ వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లొచ్చు. 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్ గురించి చెబుతుంది: బిడ్డ బంధువుల ఇంట్లోనో, ఒంటరి తల్లి దగ్గరో పెరుగుతుంటే ఆ ఇంటికి డబ్బు సాయం. మిషన్ వాత్సల్య పథకంలో ఫోస్టర్ కేర్‌కైనా, స్పాన్సర్‌షిప్‌కైనా నెలకు 4,000 రూపాయలు. 2024లో కేంద్రం మార్గదర్శకాలను మార్చి, పెళ్లి కానివాళ్లు, విడిపోయి ఒంటరిగా ఉంటున్నవాళ్లు కూడా ఫోస్టర్ కేర్‌కు ముందుకు రావచ్చంది. ఆ బిడ్డనే తర్వాత దత్తత తీసుకోవాలనుకుంటే అంతకుముందు ఐదేళ్లు పెంచి ఉండాలి, ఇప్పుడు రెండేళ్లు చాలు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది మాత్రం ఉత్తర్వూ కాగితమూ లేని పెంపకం. చిన్నమ్మో, మేనత్తో, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మో పిల్లల్ని తెచ్చుకుంటుంది, అంతే. స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చని వాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినా అందులో ఒక మెలిక ఉంది: నగరాల్లో ఆ ఇంటి ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. అంటే నెలకు 8,000. అమీర్‌పేటలో ఆ డబ్బు ఒక్క గది అద్దెకూ కరెంటు బిల్లుకూ సరిపోతే గొప్ప. రెండు అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసే మనిషి కూడా ఆ గీత దాటిపోతుంది. ఈ హద్దు గీసినవాళ్లు ఈ వీధుల్లో ఒక్క నెల కాపురం చేసి చూడాలి. అయినా దరఖాస్తు పెట్టించడం మానకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లేటప్పుడు ఆవిడ వెంట ఒక మనిషి తోడు వెళ్లడం, ఆధార్, మరణ ధ్రువపత్రం, బడి బోనఫైడ్, ఆదాయ ధ్రువపత్రం అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వడం, నా లెక్కలో పండగ చీర కంటే పెద్ద కానుక. దసరాకు రెండు నెలల ముందే చేయాల్సిన పని ఇది. పండగ పూట ఏ ఆఫీసూ తెరిచి ఉండదు.

ఇక పండగ. బతుకమ్మ మొదలయ్యేదే పెత్రమాస రోజున. పొద్దున చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. మామూలు ఇళ్లలో ఆ రెంటి మధ్య మనసు సులువుగానే దాటుతుంది, తాతలూ ముత్తాతలూ కదా. తల్లి పేరున బియ్యం ఇవ్వాల్సిన పదేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అలా కాదు. ఆ ఇంటి పండగ సెలవు దుఃఖంతోనే మొదలవుతుంది. పెంచే మనిషికి ఇంకో చిక్కు: ఆ చనిపోయింది తన సొంత అక్క. తను ఏడిస్తే పిల్లలు బెంబేలెత్తుతారు, ఏడవకపోతే వాళ్లమ్మను మరిచిపోయిందనుకుంటారు. మా వెనక వీధి ఆవిడ ఒకసారి అంది, "ఆ పూట ఎవరన్నా వచ్చి కూసుంటే చాలక్కా, వంట పని చూస్తే ఇంకా మంచిది." అప్పట్నుంచి పెత్రమాస పొద్దున ఆ ఇంటి వంట మాలో ఎవరో ఒకరిది. ఆవిడ పిల్లల పక్కన కూచుంటుంది. వాళ్ల తల్లికి ఏ కూర ఇష్టమో ముందే అడిగి అదే వండుతాం. మేం పెద్దగా మాట్లాడం.

సాయంత్రం బతుకమ్మ దగ్గర వేరే పని. అపార్ట్‌మెంట్ ఆవరణలో ఆడవాళ్లంతా చేరగానే ఎవరో ఒక పెద్దావిడ ప్రేమగానే అడుగుతుంది: "ఎవరి బిడ్డవే నువ్వు? మీ అమ్మేది?" ఆ ప్రశ్న రాకుండా ఆపలేం. కానీ అది రాకముందే ఒక మనిషి ఆ పిల్ల పక్కన ఉండి, "మా పిల్లేనండీ" అనేసి, ఆమె చేతిలో గునుగు పూల కట్ట పెట్టి పని పురమాయిస్తే మాట దారి మళ్లుతుంది. ఆ పిల్ల కథంతా ఆ పెద్దావిడ చెవిలో తర్వాత ఊదాల్సిన అవసరమూ లేదు. జాలి కలిగించడానికి చెప్పే వివరాలు తెల్లారేసరికి బడికి చేరిపోతాయి.

అమీర్‌పేట తర్వాతి మెట్రో స్టేషన్ మధురానగర్. ఆ దగ్గర్లోనే ప్రభుత్వం నడిపే శిశువిహార్, స్టేట్ హోమ్ ఉన్నాయి. పండగలొస్తే ఇలాంటి చోట్లకు స్వీటు డబ్బాలు, దుప్పట్లు పట్టుకుని వెళ్లాలనుకునేవాళ్లకు మన ఊళ్లో కొదవ లేదు. పుట్టినరోజు కేకులూ అక్కడే కోయాలనుకుంటారు. మంచిదే, నేను కాదనను. కానీ హోమ్‌కు ఒక బోర్డు ఉంటుంది, పెంచే ఇంటికి ఉండదు. పిల్లలకు ఇల్లు ఇచ్చిన మనిషి రెండో అంతస్తులో గిన్నెలు కడుక్కుంటూ ఉంటుంది, కింద నుంచి స్వీటు డబ్బాల కారు వెళ్లిపోతుంది.

ఇచ్చేవాళ్లతో ఇంకో పేచీ ఫొటోలు. బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్, సమితి రక్షణలో ఉన్న పిల్లల పేరు, బడి, ఫొటో లాంటి గుర్తుపట్టే వివరాలు బయటపెట్టొద్దంటుంది. దాటితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం మాట అలా ఉంచండి. కొత్త గౌను వేసుకుని, అది ఇచ్చినాయన పక్కన నిలబడి నవ్వాల్సి రావడం ఏ పిల్లకైనా ఇష్టంగా ఉంటుందా? మా పద్ధతి ఒకటే: ఇచ్చింది ఏదైనా పెంచే మనిషి చేతికే ఇస్తాం, పిల్లలు లేనప్పుడు. పంజగుట్టలోనో అమీర్‌పేటలోనో బట్టల షాపుకు వాళ్లను తీసుకెళ్లేది ఆవిడే. రంగు పిల్ల ఎంచుకుంటుంది, బిల్లు చిన్నమ్మ కడుతుంది. ఆ పిల్లకు ఆ బట్టలు చిన్నమ్మ కొన్నవే. మేం ఆ కథలో లేకపోవడమే కావాలి.

ఆ ఇంట్లో ఆవిడ కన్న కొడుకు కూడా ఉన్నాడు. వాడి గురించి ఎవరూ ఆలోచించరు. వచ్చిన ప్రతివాళ్లూ ఆ ఇద్దరికే చాక్లెట్లు పెడితే వాడికి ఎలా ఉంటుంది? తన గది పంచుకున్నాడు, తన సైకిల్ పంచుకున్నాడు, అమ్మను పంచుకున్నాడు. తెస్తే ముగ్గురికీ తేవాలి, లేదంటే ఎవరికీ తేవద్దు. ఈ మాట కొంచెం కటువుగానే చెబుతుంటాను.

సమితి ఉత్తర్వుతో పెంచుతున్న ఇళ్లలో పండగకు ఇంకో బరువు ఉంటుంది, కన్నవాళ్ల రాక. సమితి అనుమతిస్తే తల్లిదండ్రులు బిడ్డను అప్పుడప్పుడూ వచ్చి చూడొచ్చని 44వ సెక్షనే చెబుతుంది. నాకు తెలిసిన ఒక జంట తొమ్మిదేళ్ల అమ్మాయిని అలా పెంచారు. తల్లి జబ్బు మనిషి, తండ్రి లేడు. దీపావళికి ఆ తల్లి వస్తుందంటే ఆ ఇంట్లో నెల ముందు నుంచే గుబులు. పిల్ల రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేది. తల్లి వచ్చి రెండు గంటలుండి వెళ్లాక రెండు రోజులు అన్నం ముట్టేది కాదు. చూసినవాళ్లు "అట్లాంటప్పుడు రానివ్వడమెందుకు?" అన్నారు. పెంచిన తల్లి మాత్రం ఆ అమ్మ కోసం కూడా ఒక చీర తీసిపెట్టింది, ఇద్దరికీ కలిపి అన్నం వడ్డించింది. ఆ పూట తర్వాత ఆవిడకు కావలసింది సలహాలు కాదు. మా ఇంట్లోంచి ఒక క్యారేజీ వెళ్లింది, మావారు వాళ్లాయన్ని కాసేపు నడకకు తీసుకెళ్లారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయి తల్లి దగ్గరికే వెళ్లిపోయింది. పెంచిన ఇంట్లో ఆ దసరా ఎలా గడిచిందో నేను రాయను. బిడ్డ వెళ్లిపోయిన ఇంటికి కూడా పండగ వస్తుంది, అప్పుడు వాళ్లను భోజనానికి పిలవడం మనలో చాలామందికి గుర్తుండదు.

కేరళలో ఒక ఏర్పాటు ఉంది: హోమ్‌లలో ఉండే పిల్లల్ని ఏప్రిల్, మే సెలవుల్లో కుటుంబాల దగ్గర ఉంచుతారు, ముందుగా ఆ ఇళ్లను పరిశీలించి మరీ. మన దగ్గర కూడా అలా చేస్తే బాగుంటుందని మిత్రులు అంటుంటారు. నాకు సగం మనసే. ఇంట్లో వంట ఎలా జరుగుతుందో, పాలవాడితో లెక్క ఎలా తేలుతుందో, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుని మళ్లీ ఎలా మాట్లాడుకుంటారో హోమ్‌లో పెరిగే పిల్లకు చూసే వీలుండదు. ఆ రెండు నెలలు దానికి పనికొస్తాయి. జూన్‌లో తిరిగి హోమ్ గేటు దగ్గర దింపే ఘడియ గురించే నా భయం. ఆ తర్వాత కూడా ఆదివారాలు వెళ్లి చూసి, మళ్లీ సెలవులకు అదే పిల్లను పిలుచుకునే ఇల్లయితే సరే. పండగ సరదాకి ఒక పిల్లను అరువు తెచ్చుకునే ఇల్లయితే వద్దనే అంటాను.

దసరా సాయంత్రం మాత్రం నాకు చాలా ఇష్టం, ఈ పిల్లల విషయంలో మరీను. జమ్మి ఆకు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరి దగ్గర తీసుకుంటూ ఉన్న పిల్ల, ఆ ఒక్కపూట ఇస్తుంది. "బంగారం" అంటూ పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి కాళ్లకు దండం పెడుతుంది, ఆ పెద్దవాళ్లు వంగి తీసుకుంటారు. అందుకే మా నాలుగు ఇళ్లలో ఆ సాయంత్రం ఎవరూ బయటికి వెళ్లం. సినిమాలూ షికార్లూ మర్నాటికి. పిల్లలు వచ్చేసరికి తలుపుకు తాళం ఉండకూడదు. వచ్చినప్పుడు ఒక దీవెన, పదో ఇరవయ్యో చేతిలో పెట్టడం, వెనక వీధి పిల్లలకైనా మన మనవలకైనా అంతే.

దీపావళి అయిపోయాక అందరూ మరిచిపోతారు. సెలవుల ఖర్చంతా ఆ ఇంటి మీద పడి ఉంటుంది. గురుకులంలో చదివే పిల్లాడు పదమూడు రోజులు ఇంట్లో ఉన్నాడంటే అన్ని పూటల బియ్యం, పప్పు, తిరుగు బస్సు చార్జీ. బడి తెరిచాక పరీక్షలు, ఫీజు టర్ము, వానలకు పాడైన బూట్లు. కోవిడ్‌లో అమ్మానాన్న ఇద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ పథకం కింద ఇరవై మూడేళ్లు నిండినప్పుడు పది లక్షలు చేతికొస్తాయి. అది వచ్చేదాకా నవంబరు నెల సరుకులు కొనాల్సింది పెంచే మనిషే. మేం పండగ కోసం తీసిపెట్టుకునే డబ్బులో సగం దసరాకు ముట్టుకోం, దీపావళి దాటాక ఇస్తాం. ఏదో ఒక ఆదివారం ముగ్గురు పిల్లల్నీ మా ఇంటికి పంపమంటాం. ఆ రోజు ఆవిడ ఏం చేసిందని మేం అడగం. మొన్న తనే చెప్పింది, తలుపు గడియ పెట్టుకుని పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా పడుకుందట.