డబ్బా వెనక రెండు అక్షరాలు

నాన్న పదహారేళ్లు నడిపిన స్ప్లెండర్ నా చేతికొచ్చిన కొత్తలో, దానికి మేలు చెయ్యాలన్న ఆత్రంతో ఒక తప్పు చేశాను. షాపులో అన్నిటికన్నా ఖరీదైన సింథటిక్ ఆయిల్ అడిగి తెచ్చి పోయించాను. పది రోజులు తిరక్కుండానే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డులో బండి చతికిలబడింది. రైజ్ చేస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు.

ఆటోనగర్‌లో నాన్నకి ఎప్పట్నుంచో తెలిసిన మెకానిక్ బండి మీద చెయ్యి వెయ్యకుండానే, "ఆయిల్ డబ్బా ఉందా బాబూ?" అనడిగాడు. వెనక్కి తిప్పి చూశాడు. "ఆయిల్ మంచిదేనయ్యా. కారుది. నీ బండికి ఎంఏ అని రాసుండాలి" అన్నాడు. ఆయిల్ దింపి సరైనది పోసి, క్లచ్ ప్లేట్లు కొత్తవి వేస్తే గానీ బండి దారికి రాలేదు.

కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కే. గేర్ల బండిలో అలా కాదు. పిస్టన్‌నీ గేర్లనీ క్లచ్‌నీ చూసుకోవాల్సింది ఆ ఒక్క ఆయిలే. క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. వాటికి పట్టు కావాలి. పెట్రోలు ఆదా కోసం కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, ఆ జారుడే ప్లేట్ల పట్టు తీసేస్తుంది. అందుకే జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. గేర్ల బండికి ఎంఏ లేదా ఎంఏ2. యాక్టివా లాంటి స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌కి బయట పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఎంబీ.

"మన ఎండలకి చిక్కటిదే పోయాలి సార్" అనే మాట బెజవాడలో ప్రతి షాపులోనూ వింటాం. నేనూ చాన్నాళ్లు నమ్మాను. 10డబ్ల్యు-30లో డబ్ల్యు అంటే వింటర్. ముందున్న అంకె చల్లటి ఇంజన్‌లో ఆయిల్ ఎంత చురుగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్న 30, వంద డిగ్రీల వేడిలో దాని చిక్కదనం. అంటే రోహిణి కార్తె ఎండని మించిన వేడి ఆ లెక్కలో ముందే ఉంది. చిక్కటి ఆయిల్ పొద్దున్నే పైనున్న హెడ్ దాకా ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, ఆ కాసేపూ లోపల ఇనుము ఇనుముని రాసుకుంటుంది. స్ప్లెండర్‌కి 10డబ్ల్యు-30 అనీ, బుల్లెట్ 350కి 15డబ్ల్యు-50 అనీ కంపెనీ ఊరికే చెప్పలేదు. ఆ ఇంజన్లలో సందులూ ఆయిల్ దారులూ కొలుచుకుని చెప్పింది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఒక్కటి చదివితే షాపువాడి సలహాతో పనుండదు.

డీజిల్ కార్ల వాళ్లకి ఒక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బూడిద ఎక్కువ మిగిల్చే పాతరకం ఆయిల్ పోస్తే అది పూడుకుపోతుంది.

నల్లబడిన ఆయిల్ చూసి భయపడక్కర్లేదు. మసిని తనలో పట్టి ఉంచుతోందన్నమాట, అది దాని పనే. భయపడాల్సింది తగ్గిన ఆయిల్‌ని చూసి. స్ప్లెండర్‌కి పోసేదే లీటరు లోపు. అందులో 300 మిల్లీలీటర్లు తగ్గితే దాదాపు మూడో వంతు పోయినట్టే. మిగిలిన కాస్తా కాగిపోతూ తిరుగుతుంది. రింగులరిగి, నీలం పొగ కొట్టి, చివరికి ఇంజన్ బోరుకొస్తుంది. ఆటోనగర్‌లో ఇంజన్ విప్పి పరిచిన బండ్ల పక్కన నిలబడి అడిగితే, "ఆయిల్ గేజీ చూసుకోలేదండీ" అన్న జవాబే నాకు ఎక్కువసార్లు వినిపించింది.

ఈ ఆదివారం బండిని సమంగా ఉన్నచోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపిన రెండు మూడు నిమిషాలకి గేజీ తీసి తుడిచి, మరతిప్పకుండా ఊరికే ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. మార్పించుకున్నప్పుడు ఖాళీ డబ్బాకి మీ చేత్తోనే చిల్లు పొడవండి. లేకపోతే అందులో వాడేసిన ఆయిల్ నింపి ఇంకొకరికి అమ్మేవాళ్లుంటారు.