చల్లబడ్డాకే ఉప్పు

జులై మధ్యకొచ్చేసరికి న్యూజెర్సీలో పెరట్లో స్క్వాష్ వేసిన తెలుగువాళ్లందరిదీ ఒకటే అవస్థ. బెత్తెడున్న పిందె, రెండు రోజులు అటువైపు వెళ్లకపోతే మోచేతి పొడుగవుతుంది. పక్కింటికి పట్టుకెళ్తే వాళ్లూ సంచీతో ఎదురొస్తారు. పప్పులో వేస్తాం, కూర చేస్తాం, సాంబారులో పడేస్తాం. నన్నడిగితే ఈ కాయకి తగిన వంట చల్లటి సూపే. కాయలో నూటికి 95 వంతులు నీళ్లే. వేపుడు చేస్తే ఆ నీటితోనే పోరాటం, సూప్‌లో ఆ నీరే రుచి.

కాయను జానెడు దాటకముందే కోయాలి. గోటితో గిచ్చితే తొక్క దిగాలి. ఆ తొక్క తీయకండి, రంగంతా అందులోనే ఉంది. నాలుగు కాయలకి ఒక ఉల్లిపాయ, రెండు చెంచాల ఆలివ్ నూనె. వెన్న వద్దు, ఫ్రిజ్‌లో గడ్డకట్టి నాలుకకి పలుకులుగా తగులుతుంది. ఉల్లిపాయ ఎర్రబడకూడదు, మగ్గాలంతే. మనకి కష్టమంతా ఇక్కడే, ఉల్లిపాయ వేయగానే చెయ్యి మంట పెంచేస్తుంది. సన్నసెగ మీద మూతపెట్టి, ముక్కలు గాజులా మెరిసేదాకా ఆగాలి. తర్వాత స్క్వాష్ ముక్కలు, మునిగీ మునగనట్టు నీళ్లు. పది నిమిషాలకి గరిటె వెన్నుతో నొక్కితే విడిపోతాయి. దించి, చల్లార్చి, మిక్సీ పట్టి, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. పెరుగు ఆఖర్న కలపండి, వేడి మీదైతే విరుగుతుంది.

ఉప్పు దగ్గరే వంట నిలబడేదీ, పోయేదీ. వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన ఉప్పు చల్లబడ్డాక చప్పగా తోస్తుంది. చల్లదనానికి నాలుక మందగిస్తుంది, వాసనలు పైకి లేవవు. కరిగిన ఐస్‌క్రీం మరీ తీపిగా అనిపించేది ఇందుకే. కాబట్టి ఉప్పూ నిమ్మరసమూ సరిచూడాల్సింది వడ్డించే ముందు. మజ్జిగన్నం తిని పెరిగినవాళ్ల చేతికి ఈ సంగతి తెలుసు.

చల్లటి సూప్ అంటే పెద్ద హోటళ్ల వంట అనుకోకండి. 1917లో న్యూయార్క్ రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో పెద్ద వంటవాడు లూయీ డియా చల్లటి ఆలుగడ్డ సూప్‌కి పేరు తెచ్చాడు. చిన్నప్పుడు ఫ్రాన్స్‌లో ఇంట్లో వేడి సూప్‌లో చల్లటి పాలు పోసుకుని తాగిన జ్ఞాపకమే దానికి మూలమని ఆయనే చెప్పుకున్నాడు. పెద్ద హోటలు వంట కూడా పిల్లల కంచంలో పుట్టిందే.

మన స్క్వాష్ సూప్‌కి పోపు పెట్టొచ్చుగా అంటారు. నేను పెట్టను. పెడితే మంచి పెరుగు పచ్చడే అవుతుంది గానీ, కాయ లేత వాసన ఆవాల కింద పడిపోతుంది. రెండు బేసిల్ ఆకులు తుంచి వేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. తరిగే ముందు ప్రతి కాయలోంచీ చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుకి కారణమైన కుకుర్బిటసిన్లనే విషాలు ఉడికించినా పోవు. 2015లో జర్మనీలో పెరట్లో కాసిన చేదు జుకినీ (ఇదీ స్క్వాషే) తిని ఒకాయన చనిపోయాడు. మన సొరకాయకీ ఇదే లెక్క. చేదు తగిలితే ఉమ్మేసి కాయను పారేయండి, ఆ పాదు గింజలు విత్తనానికి దాచకండి.