గురుపాదముల నుండి గ్రామపథమునకు

సికింద్రాబాదు దండుకు ఉత్తరమున నున్న అల్వాలు పరిసరములలో క్రైస్తవ జీవనము రెండు భిన్న కాలములలో రెండు భిన్న రూపములు దాల్చినది. పొరుగున నున్న బొల్లారములో, ఆంగ్లేయ సైనికుల కాలమున, 1847లో వెలసిన హోలీ ట్రినిటీ చర్చి మొదటిది. పాత అల్వాలులో 1976లో యేసుసభ గురువులు స్థాపించిన లయోలా అకాడమీ రెండవది. అక్కడ ఆరాధింప వచ్చినవారు తమ విశ్వాసమును పుట్టినింటి నుండి వెంట తెచ్చుకొన్నవారు. ఇక్కడ చదువ వచ్చువారిలో సర్వమతములవారును గలరు. ఈ రెంటి నడుమ నిలిచి ఆలోచించువానికి ఒక ప్రశ్న తప్పదు: సంఘము పట్టీలో పేరున్న విశ్వాసికిని, క్రీస్తు శిష్యునికిని భేదమెక్కడ? విశ్వాసము వంశముగా రావచ్చును, శిష్యత్వము అట్లు రాదు; అది ఒక సాధన, దానికొక క్రమము గలదు, ఆ సాధన ఫలించినదా లేదా యని తేల్చు స్థలము గుడి లోపల గాక గుడి వెలుపల నున్నది.

మన దేశమున జ్ఞానార్థి సమిత్పాణియై గురువును వెదకుకొనుచు పోవుట ప్రాచీన సంప్రదాయము. గురువు పరీక్షించును, యోగ్యుడని తోచినచో స్వీకరించును, విద్య ముగిసిన పిమ్మట శిష్యుడు తానును గురువగును. సువార్తలు చెప్పు గురుశిష్య సంబంధమున ఈ వరుస తలక్రిందులైనది. అక్కడ గురువే గలిలయ సముద్రతీరమున నడచుచు, వలలు వేయువారిని, సుంకపు మెట్టు కడ కూర్చున్న మత్తయిని తానే పిలిచెను. యోగ్యత పిలుపునకు ముందు గాక, పిలుపు వెనుక పుట్టవలసినదయ్యెను. స్త్రీలకు ఆ కాలమున దుర్లభమైన స్థానమున, అనగా బోధకుని పాదముల చెంత, బేతనియ మరియ కూర్చుండి వినెను. అంతకంటె విశేషమేమనగా, ఈ పాఠశాలలో పట్టభద్రులు లేరు. ఎంత నేర్చినవాడును గురుపీఠ మెక్కడు, కడపటి శ్వాస వరకు శిష్యుడే.

ఐనను పిలుపు సులభమైనంత మాత్రమున దారి సులభము కాదు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి వ్యయము లెక్క చూచుకొనవలెనని ప్రభువు స్వయముగా హెచ్చరించెను. ఆస్తిని విడువలేక దుఃఖముతో మరలిపోయిన యువకుని కథయు సువార్తలలోనే యున్నది. పేతురు వలలు విడిచినది ఒక్క క్షణమున, శిష్యుడైనది ఏండ్ల మీద. మూడు సంవత్సరములు వెంట తిరిగిన పిమ్మట కూడ అతడు ముమ్మారు తన గురువు నెరుగనని పలికెను. పునరుత్థానానంతరము ముమ్మారు ప్రేమను గూర్చి ప్రశ్నింపబడి, మందను మేపు పనికి నియుక్తుడయ్యెను. అనగా ఈ మార్గమున పడుట కంటె లేచుట ముఖ్యము, లేచుటకు ఒక అభ్యాసము అవసరము.

ఆ అభ్యాసమునకు శాస్త్రరూపము నిచ్చిన మహనీయులలో ఇగ్నేషియస్ లయోలా ఒకడు. అల్వాలు కళాశాల పేరు ఆయన పేరే. స్పెయిను దేశపు యోధుడైన ఆయన 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచమున పడి, క్రీస్తు చరిత్రను, భక్తుల చరిత్రలను చదువుచు మనస్సు మార్చుకొనెను; పిదప మాన్రేసా యను చోట తాను పొందిన అనుభవములను క్రమపరచి 'ఆధ్యాత్మిక సాధనలు' అను గ్రంథము కూర్చెను. దానికి 1548లో పోపు ఆమోదము లభించినది. ఆ సాధన సుమారు ముప్పది దినములది, నాలుగు వారములుగా విభక్తమైనది: మొదట తన పాపమును, దైవకృపను తలపోయుట, రెండవది క్రీస్తు జీవితమును, మూడవది ఆయన శ్రమలను, నాలుగవది పునరుత్థానమును ధ్యానించుట. సాధకుడు ఘట్టమును చదివి విడువక, ఆ స్థలమును మనోనేత్రముతో నిర్మించుకొని, అందలి మనుష్యుల నడుమ తానును నిలిచి, వారి మాటలు విని, తాను ఏమి బదులు చెప్పునో చూచుకొనవలెను. మార్గదర్శి తక్కువ మాటలు చెప్పవలెనని ఇగ్నేషియస్ నియమము. సృష్టికర్తకును సాధకునికిని నడుమ తాను అడ్డు నిలువరాదు. సంసార భారము వలన ముప్పది దినములు తీరిక లేనివారు ఇంట నుండియే, దినమునకు కొంత కాలము కేటాయించి, నెలల తరబడి ఈ సాధన చేయుటకును ఆయన వెసులుబాటు కల్పించెను.

ఇందు నిత్యజీవితమున అత్యంతోపయోగి యగునది ఆత్మశోధన. మధ్యాహ్నమున, రాత్రి పరుండబోవు ముందు, సాధకుడు కొలది నిమిషములు మౌనముగా కూర్చుండును. ముందు ఆ పూట పొందిన మేలులకు కృతజ్ఞత తెలుపును. తన్ను తాను ఉన్నదున్నట్లు చూచుకొనుటకు వెలుగు వేడుకొనును. గడచిన గంటలను వరుసగా తరచి, ఎక్కడ ప్రేమకు లోబడెనో, ఎక్కడ కోపమునకో లోభమునకో లోబడెనో గుర్తించును. తప్పినచో క్షమాపణ కోరును. రాబోవు పూటకు ఒక నిశ్చయము చేసికొనును. సరళీ వరుసలు నిత్యము సాధింపని గాయకుని కంఠము సభలో ఎట్లు జారునో, ఈ చిన్న శోధన మానినవాని విశ్వాసము సంత నడుమ అట్లు జారును. దీని ప్రయోజనము దోషముల చిట్టా వ్రాయుట కాదు. మనస్సు తన్ను తాను మోసగించుకొను మార్గములను ఒక్కొక్కటిగా మూసివేయుట.

ఐతే సాధన ఏకాంతమున ముగిసినచో శిష్యత్వము సగమే. తక్కిన సగమునకు తెలుగు నేలయందే ఘనమైన నిదర్శనములు గలవు. ఒంగోలు ప్రాంతపు తాళ్ళకొండపాడు వాడైన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి, క్రైస్తవుడగుటకు పూర్వమే యోగమార్గమున గురుసేవ చేసినవాడు. 1866లో బాప్తిస్మము పొంది, తోళ్ళ బేరమునకై తాను తిరుగు ఊళ్ళనే తన సువార్త పథముగా మార్చుకొనెను. శాస్త్రపాఠమునకు దూరముగా నుంచబడిన వాడలలో, గురుపాదముల చెంత కూర్చుండు అర్హత తమకును గలదని తెలిసిన జనులకు ఆ శిష్యత్వమే ఒక మర్యాద, ఒక విమోచనము.

1876 మొదలు వచ్చిన దారుణ క్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు గుత్త పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించెను. కాని అన్నము కొరకు మతము పుచ్చుకొందురను శంకతో ఆ కాలమున బాప్తిస్మము లీయుట నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒక్క దినమున ఇందరు శిష్యులగుదురా యని సంశయించుట సహజమే. నదిలో మునుగుటకు ఒక ఘడియ చాలును. కాని అక్షరము నేర్చుటకు, ప్రార్థన కంఠస్థము చేయుటకు, త్రాగుడు మానుటకు, పిల్లను బడికి పంపుటకు ఒక తరము పట్టును. ఊరూర నిలిచిన ఉపదేశులు, బడిపంతుళ్ళు ఆ తరమును నడిపించినవారు.

బాప్తిస్మము ముగింపు గాక మొదలను ఈ సత్యమును పరిపాలనా సూత్రముగా చేసిన వారు దోర్నకల్ బిషప్ అజరయ్యగారు. తమిళదేశమున జన్మించి, 1909లో నిజాము రాజ్యపు దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున భారతీయులలో ప్రప్రథమ బిషప్ అయిరి. వారు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతులు తమ తలలపై ఉంచుకొనజేసి, ఇకపై సువార్తను దాచుకొని మౌనముగా నుండుట తమకు తగదని ప్రమాణము చేయించెడివారు. నిరక్షరకుక్షియైన కూలికూడ ఆ దినమునుండియే సాక్షి. నేర్చుట ముగిసిన పిదప నేర్పుట అను వరుస వారికి సమ్మతము కాదు, నేర్పుచునే నేర్చవలెను.

అల్వాలునకు సమీపముననే మరియొక ప్రయాణము మొదలైనది. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు చేరి, మొదట తిరుమలగిరి దండులోని ఆంగ్ల సైనికులకు బోధించి, అంతటితో తృప్తిపడక మరుసటి యేట పల్లెల దారి పట్టి మెదకు చేరెను. కరవు కాలమున కూలికి అన్నము పెట్టుచు ఆయన కట్టించిన మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. కట్టడము ఘనమైనదే; కాని దండు విడిచి పల్లెకు నడచిన నిర్ణయమే శిష్యత్వమునకు సరియైన ఉదాహరణము. గురువు శిష్యుని మొదట దగ్గరకు పిలుచును, పిమ్మట దూరమునకు పంపును.

ఈ సంప్రదాయము విలువను కొలుచుటకు ఆలయ శిఖరముల ఎత్తు ప్రమాణము కాదు. ప్రభువు బల్ల కడ మాల మాదిగలును అగ్రకులములవారును ఒకే పాత్రయందు పాలు పంచుకొనవలెనని నేర్పిన సంఘములలో సైతము, పెండ్లి సంబంధముల కడ, శ్మశానభూమి కడ కులము ఇంకను తల ఎత్తుచున్నది. ఆ చోట ఎంత సంగీతముతో కీర్తనలు పాడినను, ఎంత జనము కూడినను, అక్కడ విశ్వాసులు గలరని చెప్పవచ్చును, శిష్యులు గలరని చెప్పుటకు మాత్రము ఆధారము చాలదు. తన పాదములు కడిగించుకొనుటకు అర్హుడైన ప్రభువు ఇతరుల పాదములు కడిగిన ఆ రాత్రి పాఠము అన్ని పాఠములకు సారము. ఆదివారమున విన్నది సోమవారము నాటి వేతనపు లెక్కలో, ఇంటి పనిమనిషితో మాటలో, కులము తెలిసిన పిమ్మట కూడ మారని పిలుపులో కనబడినచో, ఆత్మశోధనకు కూర్చున్న సాధకుడు ఆ రాత్రి తన్ను శిష్యుడని చెప్పుకొనుటకు కొంత హక్కు గలవాడగును.